మాలకొండయ్య సారు కొడతానంటే

ఉదయగిరిలో మాలకొండయ్య సారు ఎదుట ‘కొట్టడం’ అనే మాట అనకూడదు. అన్నారో, అయిపోయారు. దాన్ని ఇంగ్లీషులో ‘స్ట్రైక్’ అంటారని మొదలుపెట్టి, ఆ మాట ఎక్కడెక్కడ తిరిగి ఎన్నెన్ని వేషాలు మార్చిందో పూస గుచ్చినట్టు చెప్పిగానీ వదలరు. చెయ్యి పట్టుకుని మరీ చెబుతారు. అరచేతికి చెమట పట్టినా వదలరు.

ఆ భయానికి ఊరు ఊరంతా భాష మార్చుకుంది. బంకులో ఆయన కనబడితే చాలు, పెట్రోలు కొట్టించుకునేవాళ్ళు పోయించుకుంటారు. కొట్టుకు పోయేవాళ్ళు అంగడికి పోతారు. గుడి ముందర టెంకాయ పట్టుకుని నిలబడ్డవాడు, “రెండు చెక్కలు చేస్తా ఉండా సారూ” అంటాడు. మిస్డ్ కాల్ కొట్టమనడానికి కూడా జంకి చేత్తో సైగ చేసేవాళ్ళున్నారు.

ఈ సంగతి ఆటో జబీవుల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తొమ్మిదో తరగతిలో అతను సుధీర్ క్యారేజీలోని ఆమ్లెట్టు తినేసి, అందులో సుద్దముక్కలు సర్ది పెట్టాడు. సుధీర్ ఏడుస్తూ పోయి సారుకు చెప్పాడు. సారు మొహం జేవురించింది. చింత బరికె తీశారు.

“చెయ్యి చాపరా. ఐ విల్ స్ట్రైక్ యూ!”

జబీవుల్లా చాపాడు. బరికె పైకి లేచింది. అక్కడే ఆగింది.

“ఇప్పుడు నేను స్ట్రైక్ అన్నాను. ఎందుకన్నాను?”

“కొట్టేదానికి సార్.”

“అది ఒక అర్థం. క్రికెట్లో స్ట్రైక్ రేటు అంటారు, అదేంది? అగ్గిపుల్ల గీస్తే స్ట్రైక్ అంటారు, అదేంది?”

అగ్గిపుల్ల నుంచి గోడ గడియారానికి పోయారు. గడియారం నుంచి పిడుగుకు పోయారు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండి జబీవుల్లా భుజం లాగేస్తోంది.

“సార్, రెండు పీకేయండి సార్. నొప్పి పుడతా ఉండాది.”

“నేనింకా కొట్టందే నొప్పేందిరా!”

ఓడల దాకా వచ్చేసరికి బెల్లు మోగింది. ఫిర్యాదు చేసిన సుధీర్ అప్పటికే బెంచీ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. ఆయన సర్వీసంతా ఇదే వరస. కథ ఓడల దాకా వస్తుంది, బెల్లు మోగుతుంది, బరికె మళ్ళీ బల్ల మీదికి పోతుంది. ఓడల తర్వాత ఏముందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా ఎవరికీ లేదు.

రిటైరయ్యాక ఇంకా రెచ్చిపోయారు. ఒకసారి ఆటోలవాళ్ళంతా స్ట్రైకు చేసి బస్టాండు ముందు కూర్చుంటే, ఆ మాట బ్యానరు మీద కనబడింది. ఇంకేం, ఆగుతారా మహానుభావుడు!

“ఓడ తెరచాప దించేయడాన్ని స్ట్రైక్ అంటారబ్బా. లండన్లో నావికులు జీతాల కోసం తెరచాపలు దించేసి, ఓడలు కదలవు పొమ్మన్నారు. ఆ పొద్దు నుంచి పని ఆపడానికి కూడా...”

ఒక్కో డ్రైవరూ మెల్లగా లేచి ఆటో స్టార్టు చేసుకుని పోయాడు. ఆఖరికి బ్యానరు పట్టుకున్న జబీవుల్లా ఒక్కడే దొరికిపోయాడు; అతనూ ఓడల దగ్గరే బేరమొచ్చిందని చెప్పి తప్పించుకున్నాడు. యూనియన్లో సారు పేరెత్తితే ఇప్పటికీ పళ్ళు కొరుకుతారు.

ఈ వేసవిలో కోటకొండ కింది వీధిలో రాళ్ళు పడడం మొదలైంది.

పొద్దు కొండ వెనక్కి జారగానే ఆ వీధి మీద నీడ పడుతుంది. ఊరంతా ఇంకా వెలుతురుగానే ఉంటుంది, ఆ ఒక్క వీధికి మాత్రం ముందే మసక కమ్ముతుంది. సరిగ్గా ఆ వేళకు ఎవరో ఒకరి రేకుల మీద ‘ఠంగ్’మని ఒక రాయి. కాసేపటికి పక్కింటి మీద ఇంకొకటి. పరుగెత్తి పైకి చూస్తే కొండ మీద నరమానవుడు లేడు. కోతులనుకున్నారు; కోతులు నీళ్ళు వెతుక్కుంటూ ఎప్పుడో కొండ దిగి పోయాయి. పిల్లల పనే అనుకుని, ఒక సాయంత్రం పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఆ సాయంత్రమూ పడ్డాయి.

అన్నిటికన్నా వెన్నులో చలి పుట్టించింది ఏమిటంటే, ఆ రాళ్ళు తడిగా ఉండేవి. బోర్లన్నీ ఎండిపోయి, కొండ మీద కంపచెట్లు కూడా మాడిన కాలంలో, అప్పుడే బావి అడుగు నుంచి తీసినట్టు చల్లగా, పాచి వాసనతో ఉండేవి. రాయి పడబోయే ముందు వీధికుక్కలు మొరిగేవి కావు. తోకలు ముడుచుకుని బళ్ళ కిందికి దూరేవి. కుక్కలు దూరాయంటే మనుషులు కప్పుల వైపు చూసేవాళ్ళు.

ఆ వీధిలోనే ఉండే జబీవుల్లా తల్లి మస్తాన్బీ కొడుకు మెడలో ఒక తాయెత్తు, ఆటో హ్యాండిలుకు ఒకటి, వంటింట్లో గ్యాసు బండకు ఒకటి కట్టింది.

“గ్యాసుకెందుకమ్మా?”

“ముందు పేలేది అదే గదరా!”

ఆ వీధి చివర చెంచమ్మ ఉంటుంది. కొయ్య గరిటెలను నునుపు చేసే పనితో ఒంటరిగా బతుకుతుంది. కొండాపురం వైపు నుంచి వచ్చిన మనిషి. పని చేస్తూ తనలో తానే ఏదో మాట్లాడుకుంటుంది. వీధి మొత్తానికి మిగిలిన ఒక్క పూరిల్లు ఆమెదే.

“అందరిండ్ల మీదా పడతా ఉండాయే, ఆ చెంచమ్మ ఇంటి మీద ఒక్క రాయి చప్పుడన్నా విన్నారా ఎవురన్నా?” అని ఎవరో అన్నారు. ఎవరూ వినలేదు. అంతే, ఆ మాట నిప్పులా పాకింది. ఆమె గొణుగుడు మంత్రమైపోయింది, ఒంటరితనం చేతబడి అయిపోయింది. ఆమె ఎదురొస్తే జనం పక్కకు తప్పుకోసాగారు.

ఒక సాయంత్రం రేకు మీద నుంచి ఎగిరిన రాయి సుధీర్ తల్లి రేణుకాదేవి నెత్తిన పడింది. తల్లి మొహం మీద రక్తం చూసేసరికి సుధీర్ మనిషి కాకుండా పోయాడు. కర్ర తీసుకుని వీధిలోకి వచ్చాడు. అతని వెనక ఇంటికొకరు లేచారు.

జబీవుల్లాకూ ఆ రాళ్ళంటే భయమే. ఆ కర్రలను చూస్తే అంతకన్నా భయం వేసింది. వీళ్ళ చేతికి చిక్కితే చెంచమ్మ బతకదని అతనికి తెలిసిపోయింది. పక్కకు పోయి పోలీసులకు ఫోన్ చేశాడు.

“ఇక్కడోళ్ళంతా బందోబస్తుకు పోయుండారు. ఆత్మకూరు నుంచి జీపు పంపిస్తా ఉండాం. గంట పడతాది. అందాకా ఎట్టన్నా ఆపండి.”

గంట! కర్రలు పట్టుకున్న మనుషులను గంటసేపు ఎవడాపుతాడు? బలమున్నవాడి వల్ల కాదు, పలుకుబడి ఉన్నవాడి వల్ల కాదు. ఉదయగిరి మొత్తం మీద మనిషిని గంటసేపు కదలకుండా చేయగలిగినవాడు ఒక్కడే. జబీవుల్లా ఆటో తిప్పాడు.

మాలకొండయ్య సారు బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నారు.

“సారూ, చెంచమ్మను కొట్టేదానికి పోతా ఉండారు!”

ఆ మాట విని కూడా ఆయన చరిత్ర ఎత్తకపోవడం జబీవుల్లా పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. సారు పేపరు పడేసి, చొక్కా అయినా వేసుకోకుండా ఆటో ఎక్కారు. “పోనీరా” అన్నారు.

వీళ్ళు పోయేసరికి గుంపు పూరింటి ముందుంది. లోపల నుంచి గడియ వేసిన తలుపు వెనక చెంచమ్మ ఏడుపు వినబడుతోంది. సారు జనాన్ని తోసుకుంటూ పోయి గడప మీద కూర్చున్నారు.

“లేయండి సారూ. ఈ పొద్దు దాన్ని కొట్టకుండా పోయేది లే!” అన్నాడు సుధీర్.

మాట నోరు జారిందని అతనికి వెంటనే తెలిసింది. వెనక ఎవరో, “అయిపోయినాం రా” అని మూలిగారు.

“ఏమన్నావు? కొట్టడమా?” అన్నారు సారు, కళ్ళజోడు సర్దుకుంటూ.

మొదలైంది. అక్కడున్నవాళ్ళలో సగం మంది ఆయన బళ్ళో చదివినవాళ్ళే. “సిద్ధయ్యా, గడియారం ఏం చేస్తాది?” అనేసరికి, పిల్లల తండ్రయిన సిద్ధయ్య కర్ర చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, “గంట కొడతాది సార్” అన్నాడు.

“ఇంగ్లీషులో?”

“స్ట్రైక్ సార్.”

“కూర్చో.”

సిద్ధయ్య కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ తనెందుకు కూర్చున్నాడో తెలియలేదు.

కుక్కలు బళ్ళ కిందికి దూరాయి. పక్కింటి రేకుల మీద ‘ఠంగ్’మంది. అందరూ ఉలిక్కిపడ్డారు. సారు రెండు చేతులతో గడపను గట్టిగా పట్టుకోవడం దగ్గరగా నిలబడ్డ జబీవుల్లా చూశాడు. గొంతు మాత్రం ఆగలేదు. అగ్గిపుల్లలు అయిపోయాయి, ఓడలు వచ్చాయి, తెరచాపలు దిగాయి. ఇక్కడ బెల్లు లేదు. సారు ముందుకే పోయారు. ఇద్దరు ఆవులించారు. ఒకడు కర్రను నేలకు ఆనించి దాని మీద గడ్డం పెట్టుకున్నాడు.

“ఓడలకు ముందు, మానికెలో గింజలు పోసి, పైన గుట్టగా ఉండేదాన్ని కర్రతో చదునుగా తోస్తామే, దాన్ని స్ట్రైక్ అన్నారు. ఇంకా వెనక్కి పోతే, వెయ్యేళ్ళ కిందట, ఆ మాటలో దెబ్బే లేదు రా సుధీరూ. మెత్తగా చెయ్యి ఆడించడం. నిమరడం. దూడ వీపు మీద చెయ్యి పోనిస్తామే, అది. మనుషుల చేతుల్లో పడి పడి అది దెబ్బయి కూర్చుంది.”

సారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆయన తల మీదుగా, పూరిగడ్డిలో సన్నగా ‘సుర్ర్’మని ఏదో కదిలింది. ఒక రాయి మెల్లగా చూరు దిగి వచ్చి సుధీర్ కాళ్ళ ముందు పడింది. తడి రాయి.

సుధీర్ దాన్ని చూశాడు, కప్పును చూశాడు. సిద్ధయ్య లేచి కర్రతో గడ్డిని పొడిచాడు. బొలబొలమంటూ రాళ్ళు రాలాయి.

“ఈమె ఇంటి మీదా పడినాయి రా! గడ్డి గదా, చప్పుడు రాలా!”

తలుపు కొంచెం తెరుచుకుంది. “రోజూ పడతానే ఉండాయి నాయనా,” అంది చెంచమ్మ. “ఎవురికి చెప్పేది? మీరెవురూ నాతో మాట్లాడరు గదా.”

సుధీర్ చేతిలో కర్ర జారిపోయింది. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు. జీపు వచ్చేసరికి జనం ఆమె ఇంటి ముందు రాళ్ళు ఏరి పక్కన పోస్తున్నారు.

తిరిగి పోయేటప్పుడు జబీవుల్లా ఉండబట్టలేక అడిగేశాడు. “సారూ, ఆ మాటంటే మీకెందుకంత పిచ్చి?”

“పిచ్చా? చెప్పీ చెప్పీ నాకే వాంతికొస్తా ఉండాది రా!”

జబీవుల్లా బ్రేకు మీద కాలు వేశాడు. “మరెందుకు చెప్తారు?”

“కోపమొచ్చినోడి చెయ్యి పట్టుకునే బలం నాకు యాడిది? నా ఒళ్ళు చూడు. నాకుండేది సోది ఒక్కటే. ఆవులింతలొచ్చినోడు ఎవుర్నీ కొట్టలేడు రా.”

“బళ్ళో ఎవురికి కోపం సారూ?”

“బళ్ళో నాకే గదా వచ్చేది! అక్కడ నా చెయ్యి నేనే పట్టుకున్నాను.”

ఆ రోజుతో రాళ్ళు ఆగిపోయాయి. ఎవరు వేశారో, అవి ఎందుకు తడిగా ఉండేవో ఇప్పటికీ తెలియదు. ఉదయగిరి జనం మాత్రం, కొండ మీద ఉన్నదేదో ఆ సాయంత్రం సారు చెప్పిందంతా విని, ఇంక తట్టుకోలేక ఊరొదిలి పోయిందని గట్టిగా నమ్ముతున్నారు. వరికుంటపాడు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, “మా ఊరి పాడుబడిన మిల్లులో ఏదో తిరగతా ఉండాది, సారును ఒక్క పూట పంపిస్తారా?” అని అడిగి పోయారు కూడా.

రెండు రోజుల తర్వాత జబీవుల్లా సారును బజారుకు తీసుకుపోదామని వచ్చేసరికి, అరుగు మీద చెంచమ్మ కూర్చుని ఉంది.

“ఆ పొద్దు నా పేణాలు నా దగ్గర లేవు సామీ. ఒక్క ముక్కా చెవికెక్కలా,” అంది. “నా కోసరం ఏందో పెద్ద కథ చెప్పినారంట. ఏదీ, మొదట్నించి చెప్పండి, వింటాను.”

సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ళలో ఆ కథ చెప్పమని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. కాపాడమన్నట్టు జబీవుల్లా వైపు చూశారు.

జబీవుల్లా ఆటో ఇంజను ఆపేసి, చెంచమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

“ఓడల కాడ ఆపొద్దు సారూ,” అన్నాడు.