పెళ్లిరోజున పక్కవాళ్లకు వడ్డించాను

పెళ్లిరోజని భార్యను హోటలుకు తీసుకెళ్లి, ఆమెను బల్ల దగ్గర ఒంటరిగా వదిలేసి, ముక్కూ మొహం తెలియని నలభై మందికి పప్పూ నెయ్యీ వడ్డించిన మగవాడు తెనాలి చుట్టుపక్కల నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. రోజూ పొద్దున అద్దంలో కనిపిస్తాడు. ఆ రాత్రి ఎలా తగలబడిందో చెబుతాను. మీరు నవ్వుకోండి గానీ, మా ఆవిడ కరుణ దగ్గర మాత్రం ఆ మాట ఎత్తకండి.

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాం. అప్పటినుంచి నాది క్యాటరింగులో వడ్డన పని. రేపల్లెలో పెళ్లయినా, బాపట్లలో గృహప్రవేశమైనా మా వ్యానులోంచి మొదట దిగేది నేనే. ఏ ఆకులో ఏం తక్కువైందో నడుస్తూనే చెప్పగలను. మనుషుల మొహాలు గుర్తుండవు, వాళ్ల ఆకులు గుర్తుంటాయి. పెళ్లిచూపుల రోజున మా మామగారిని చూసి, ఈయన ఎక్కడో పులిహోర మూడుసార్లు అడిగిన మనిషేనని మనసులోనే అనుకున్నాను. పైకి అనలేదు కాబట్టే నాకు పెళ్లయింది.

ఈ పనిలో ఒక పద్ధతుంది. అందరూ తిన్నాక, ఆఖరి బంతిలో మేం తింటాం. అదీ సగంసార్లు నిలబడే. పదేళ్లు అలా గడిచేసరికి కూర్చుని తినడమే మర్చిపోయాను. ఇంట్లో వంటగట్టుకు ఆనుకుని నాలుగు ముద్దలు మింగేవాణ్ణి. చుట్టాల పెళ్లిళ్లకు వెళ్తే కరుణ తన పక్కన ఆకు పట్టి ఉంచేది. నేనేమో ఎవరూ అడక్కుండానే సాంబారు బకెట్టు అందుకునేవాణ్ణి.

పెళ్లయి మూడేళ్లు నిండుతుంటే ఏం కావాలో అడగమన్నాను. చీర అంటుందనుకున్నాను.

"నా పక్కన కూర్చుని తినండి," అంది. "మొదటి ముద్ద నుంచి చెయ్యి కడుక్కునేదాకా. తర్వాత సినిమా. అదీ పేర్లు పడ్డప్పటి నుంచి. మధ్యలో లేవకూడదు."

"ఇంతేనా?"

"ఇంతే. చిన్నదనిపిస్తే చేసి చూపించండి."

మా అంగలకుదురు నుంచి తెనాలికి బండి మీద వెళ్తున్నంతసేపూ నేను ఈల వేశాను. కరుణ వేయలేదు. ఆమెకు నా సంగతి తెలుసు.

హోటల్లో పైఅంతస్తు ఏసీ హాలు. పక్కపక్కనే కూర్చుని బిర్యానీ చెప్పాం. అదే హాల్లో రెండో సగం ఎవరో పాప మొదటి పుట్టినరోజుకు తీసుకున్నారు. టేబుళ్లన్నీ కలిపి అరిటాకులు వేశారు. నేను అటు చూడలేదు. ఒట్టు. నా తలే దానంతటది తిరిగింది.

పప్పు వచ్చింది. నెయ్యి రాలేదు. వడ్డించేవాళ్లు ముగ్గురే, ముగ్గురూ కొత్తవాళ్లు. ఒకడు కూర వేసినవాడికే మళ్లీ కూర వేస్తున్నాడు. ఇంకొకడు అప్పడాల బుట్ట పట్టుకుని, దారి తప్పిన పెళ్లికొడుకులా మధ్యలో నిలబడ్డాడు. నలభై మంది పొడి అన్నంలో వేళ్లు పెట్టుకుని వంటింటి తలుపు వైపు చూస్తున్నారు. అమ్మా, అయ్యా, మంటల్లో ఇల్లు చూసిన ఫైరింజన్ డ్రైవరుకు ఎలా ఉంటుందో నాకు అలా ఉంది.

"వద్దు," అంది కరుణ, నా మొహం చూడకుండానే.

"ఒక్క నెయ్యి. అలా వెళ్లి ఇలా వచ్చేస్తా."

వెళ్లాను. నెయ్యి వెనక కూర రావాలి కదా. కూర వెనక పులుసు. హోటల్ మేనేజరు నన్ను పాప తరఫు చుట్టమనుకుని నమస్కారం పెట్టాడు. పాప తరఫువాళ్లు నన్ను హోటలు మనిషనుకుని, అప్పడాలు మెత్తబడ్డాయని గట్టిగా అడిగారు. ఇద్దరికీ తగినట్టు జవాబు చెప్పాను. పాప నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒరే అబ్బాయ్, ఈ హోటల్లో పని తెలిసినవాడివి నువ్వొక్కడివేరా," అంది. ఇక నన్ను ఆపేదెవరు?

ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి అర్థమవుతుంది. ఆ రాత్రి నన్ను లేపింది వాళ్ల ఆకలి మీద జాలి కాదు. నాకూ ఒకటి బాగా వచ్చని పదిమందీ చూడాలన్న యావ. చదువు లేనివాడికి అలాంటి మాటే సర్టిఫికెట్టు. దాన్ని ఎక్కడైనా అందుకోవచ్చు గానీ, ఆ రోజు, ఆ హాల్లో అందుకోకూడదు.

రసం బకెట్టుతో బంతి చివరికి వచ్చాను. ఆఖరి ఆకులో అన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. తల ఎత్తకుండానే, "ఏమ్మా, ఏమీ తినలేదే. వంట నచ్చలేదా?" అన్నాను.

"వంట బాగానే ఉంటుందండి. ఒక్కదాన్నే తినలేకపోతున్నా. మా ఆయన పక్కన లేరు."

తల ఎత్తాను. కరుణ. ఎప్పుడొచ్చి ఆ బంతిలో కూర్చుందో, ఆకులే చూసుకుంటూ ఆమెకూ నేనే వడ్డించాను.

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. కోపానికి నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఆమె నెమ్మదిగా లేచింది. "సినిమాకి టైమయింది. నేను వెళ్తున్నా. మీరు మజ్జిగ కూడా వేసి రండి."

మీరైతే బకెట్టు అక్కడే పడేసి వెనకే పరిగెత్తేవారు. మీకు బుద్ధి ఉంది. నేను నలభై మందికీ మజ్జిగ వేసి అప్పుడు వెళ్లాను.

సినిమా హాలు రోడ్డు దాటితేనే. గేటు దగ్గర మనిషి నన్ను పైనుంచి కిందదాకా చూసి, చేతిలో టికెట్టు పెట్టాడు. "చొక్కా మీద పప్పు మరకలతో ఒకాయన వస్తాడు, ఇవ్వమని అక్కయ్య చెప్పింది బాబాయ్. సినిమా మొదలై అరగంటయింది."

చీకట్లో తడుముకుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. క్షమించమనడానికి నోరు తెరిచేలోగా నా ఒళ్లో వెచ్చగా ఏదో పడింది. బిర్యానీ పొట్లం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి హ్యాండ్‌బ్యాగులో దాచి తెచ్చింది.

"మీరింకా తినలేదుగా."

"నువ్వు?"

"నేనూ తినలేదు. పేర్లు పడ్డప్పుడు మీరు లేరు, ఆ సంగతి ఇంటికెళ్లాక. ముందు తినండి."

తెర మీద ఎవరు ఎవర్ని కొట్టారో నాకు తెలియదు. ఒకే పొట్లంలో ఇద్దరం తిన్నాం. పదేళ్లలో నేను కూర్చుని, ఎవరి ఆకూ చూడకుండా తిన్న మొదటి భోజనం అదే. చీకటి కాబట్టి చూద్దామన్నా ఏమీ కనపడలేదనుకోండి.

వాసనకు ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. "బిర్యానీయా బాబాయ్? మాకూ కొంచెం పెట్టేదుందా?"

నిజం చెబుతున్నాను, నేను అప్పటికే పొట్లంతో సగం లేచాను. కరుణ నా చొక్కా పట్టి కిందికి లాగి, ఆయనతో ఎంతో మర్యాదగా అంది: "ఏమనుకోకండి అన్నయ్యా. ఈయనకు ఇవాళ సెలవు."

అందుచేత, బుద్ధీ స్పృహా ఉండి, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్లిరోజున పక్కబంతిలో నెయ్యి అయిపోయినా, వడ్డించేవాడు పాయసంలో రసం పోసినా, సాక్షాత్తూ ఆ నాయనమ్మే వచ్చి చెయ్యి పట్టుకున్నా, నేను కుర్చీలోంచి కదలను. కూర్చున్నచోటి నుంచే కేకేసి చెబుతాను.