మగ్గం మీద నాలుగో నంబరు

గురుమూర్తి మామ నేసిన చీరను వెలుతురుకు పట్టి చూస్తే ఏ నిమిషంలో గోల్ పోయిందో వరలక్ష్మి అత్త చెప్పేస్తుంది. ఆయన గోడ గూట్లో ఫోన్ పెట్టుకుని, ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ నేస్తాడు. మా జట్టువాళ్ళు గోల్ పోగొట్టుకుంటే పేక పోగును గుద్దే చెక్కను కసి కొద్దీ లాగుతాడు. అక్కడ పోగులు బిగుసుకుపోయి చీరకు అడ్డంగా ఒక గీత పడుతుంది. పోయినేడు ఒక పెళ్ళిచీరలో అట్లాంటి గీత కనపడి షావుకారు కూలిలో రెండొందలు తగ్గించాడు.

"పెనాల్టీ బయటికి తన్నినోడు యాడనో ఉండాడు, దండుగ మాత్రం మా ఇంట్లో" అంది అత్త.

"వాడు తన్నింది కూడా మన ఇంట్లోకే అనుకో" అన్నాడు మామ.

ధర్మవరంలో ముప్పై రెండేళ్ళుగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. పద్దెనిమిదేళ్ళ వరకూ రైల్వే గ్రౌండులో వట్టికాళ్ళతో ఎడమ వైపు ఆడేవాడట. చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. "నాయన నన్ను గుంతలోకి దించిన దినం నుంచీ నా కాళ్ళు ఈ రెండు తొక్కుడు చెక్కల మీదనే ఆడతాండాయి" అంటాడు. ఆ మాట ఏడుపుగా అనడు. టీ తాగినంత మామూలుగా అంటాడు. నాకది చేతకాదు. ఆటలో పోగొట్టుకున్నదాన్ని అంత మామూలుగా చెప్పడం నేను ఇంకా నేర్చుకోలేదు.

నాది హిందూపురం. డిగ్రీ రెండో సంవత్సరంలో మానేశాను. పరీక్షలు పోయి కాదు, బెంగళూరులో ఒక క్లబ్బు ట్రయల్స్‌కు పోయి. కావేరి రోవర్స్ అని ఆ క్లబ్బు పేరు. నాతోపాటు పెనుకొండ కిషోర్ కూడా వచ్చాడు. ఇద్దరం జిల్లా జట్టులో కలిసి ఆడినవాళ్ళం. నేను ముందు ఆడేవాణ్ణి, వాడు వెనక. వాడు అడ్డుపడి తీసిన బంతిని నాకు ఇచ్చేవాడు, నేను గోల్ కొట్టేవాణ్ణి. పేపర్లో నా పేరు వచ్చేది. ట్రయల్స్‌లో వాణ్ణి తీసుకున్నారు, నన్ను వద్దన్నారు. నాలుగేళ్ళలో వాడు నాలుగో నంబరు చొక్కా వేసుకుని ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. నేను బైకుల షోరూం వెనక వాటర్ సర్వీసు చేస్తున్నాను. ఇంతకంటే వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు.

రోవర్స్‌కు సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న ప్రతి ఆదివారం మా అభిమానుల బ్యాచ్ ముప్పై మంది పొద్దున ప్యాసింజరులో బెంగళూరు పోతాం. మామ ధర్మవరంలో ఎక్కి పక్కసీట్లో తువ్వాలు పరుస్తాడు. పెనుకొండలో ఎవరొచ్చినా ఆ తువ్వాలు తీయడు. "మావాడు హిందూపురంలో ఎక్కుతాడు" అంటాడు. ఆ 'మావాడు' నేను. కానీ నేను కూర్చున్న మరుక్షణం నుంచీ ఆయన మాట్లాడేది కిషోర్ గురించి. వాడు తల ఎట్లా ఎత్తి చూస్తాడు, వాడికి మోకాలి నొప్పి తగ్గిందా, వాళ్ళమ్మ సుశీలమ్మకు బాగుందా. నా తువ్వాలు మీద కూర్చుని వాడి కథ వింటూ పోవడం ఎట్లా ఉంటుందో మీరే అనుకోండి.

పోయిన నెల మొదటి ఆదివారం మేమంతా స్టేడియం చేరేసరికి గేటుకు తాళం వేసి ఉంది. ఆటగాళ్ళు మైదానంలోకి దిగేది లేదన్నారని, మ్యాచ్ అవతలి జట్టుకు పోయిందని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. సాయంత్రానికి క్లబ్బు వాళ్ళ ప్రకటన వచ్చింది. కెప్టెన్ నాయకత్వంలో ఆటగాళ్ళు సీజను మధ్యలో జీతం పెంచమని మొండికేశారట. తిరుగు రైల్లో అందరం ఫోన్లలో అదే చదువుకున్నాం. ఒకడు చెల్లెలి నిశ్చితార్థం వదులుకుని వచ్చాడు. ఒకడు అప్పటికే మూడు ఆదివారాలు డ్యూటీ ఎగ్గొట్టాడు.

ఆ రాత్రే నేను బ్యాచ్ గ్రూపులో ఒక మెసేజి పెట్టాను. 'కిషోర్ జీతం నెలకు రెండు లక్షల ఎనభై వేలు. మనం బన్ను తిని టికెట్టు కొంటాం. వాడికి అది చాలదంట.' అంకె నిజమే. కాగితం మీద సంతకం పెట్టిన రోజు సుశీలమ్మే ఆనందం పట్టలేక నాకు చెప్పింది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో చపాతీలు ఒత్తుతుంది ఆమె. నేనంటే ప్రేమ. అందుకే ఇంకో మాట కూడా చెప్పింది, ఈ గొడవకు రెండు వారాల ముందు, పెనుకొండ బస్టాండులో: "దసరా నుంచి వాడికి ఒక్క రూపాయి పడలేదు రాహులూ. జట్టులో ఎవురికీ పడలేదంట. ఎవురికీ చెప్పొద్దన్నాడు. నువ్వు బయటోనివి కాదు కాబట్టి చెప్తాండా."

అంకె రాశాను. ఆ మాట రాయలేదు. ఎందుకు రాయలేదంటే నాకు కుళ్ళు. వేరే పేరు వెతికితే అబద్ధమవుతుంది. వాణ్ణి అందరూ తిడుతుంటే చదువుకోవడానికి నాకు బాగుంది. ఇరవై మంది తిట్టారు. కొన్ని తిట్లు రెండుసార్లు చదువుకున్నాను.

రెండు రోజులకు బ్యాచ్ పెద్ద కృష్ణకాంత్ ఒక నిర్ణయం చెప్పాడు. హిందూపురంలో ఎలక్ట్రికల్ షాపు ఆయనది. వచ్చే మ్యాచ్ రోజు గేటు ముందర నాలుగో నంబరు జెండా కాల్చాలి. జెండా అంటే మామూలుది కాదు. గురుమూర్తి మామ సొంత పట్టుతో, చీరకూ చీరకూ మధ్య దొరికిన రోజుల్లో రెండు నెలలుగా నేస్తున్నది. ఎర్ర నేల, బంగారు అంచు, నడుమ జరీతో 4. సీజను చివరి మ్యాచ్‌లో కిషోర్ భుజాల మీద కప్పాలని ఆయన కోరిక.

"నువ్వు పోతే ఇస్తాడప్పా. నిన్ను కొడుకు మాదిరి చూస్తాడు" అన్నాడు కృష్ణకాంత్.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆ గుడ్డ మీద నాకు మొదటి నుంచీ కోపం ఉంది.

బుధవారం పొద్దున ధర్మవరం పోయాను. మామ గుంతలో ఉన్నాడు. జెండా మగ్గం మీదే ఉంది, ఇంకా మూరెడు నేయాలి. అత్త ఉగ్గాని, బజ్జీ పెట్టింది. తింటూ వచ్చిన పని చెప్పాను.

మామ కాళ్ళు ఆగాయి. "కాలుస్తారా?"

"బ్యాచ్ మాట మామా. నాది కాదు."

"బ్యాచ్‌లో నువ్వు లేవా?"

"ఉండా."

ఆయన పేక పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను పక్కన పెట్టాడు. "రెండువేల తొమ్మిదిలో షావుకారు నాకు మూడు చీరల కూలి ఇయ్యలేదు. ఇప్పుడున్న ఆయన కాదు, వేరే ఆయన. నాలుగో చీర నేసేసినా. మగ్గం మీద నుంచి కోసి ఇయ్యాల, అంతే. నేను కొయ్యలేదు. పదకొండు దినాలు కొయ్యలేదు."

"ఆ పదకొండు దినాలు ఏం తిన్యామో అదీ చెప్పు" అంది అత్త వంటింట్లోంచి.

"చీర మగ్గం మీద ఉన్నంతసేపే మన మాట వింటారప్పా. కోసి చేతికిచ్చినాంక మనమెవురో వాళ్ళకు గుర్తుండదు. ఆ చీర కదిరి వాళ్ళ పెళ్ళికి. పెళ్ళికూతురు నాయన వచ్చి ఇదిగో, ఈ గడప మీద కూర్చున్యాడు. మా బిడ్డ పెళ్ళి చెడగొడతాండావు, నువ్వు మనిషివేనా అన్యాడు. వీధంతా విన్యారు. ఆయన షావుకారును ఒక్క మాట అనలేదు. షావుకారు ఆయనకు కాఫీ ఇచ్చింటాడు. ఆయనకు కనపడింది మగ్గం కాడ మొండిగా కూర్చున్న నేను." మామ నా ప్లేటు వైపు చూశాడు. "ఇప్పుడు మీరంతా ఆ పెళ్ళోళ్ళు."

నేను బజ్జీ మింగాను. ప్లేటు పక్కన పెట్టాను.

"అయితే ఒకటి. నాకు రావలసింది రాలేదు కాబట్టి నేను కొయ్యలేదు. వచ్చింటే కోసి ఇచ్చేవాణ్ణి. కిషోర్ సంగతి నాకు తెలీదు. జీతం పడతాంటే, ఇంకా కావాలని ఆట ఆపినాడంటే, మీరు కాల్చేది ఏంటికి, నేనే అంటిస్తా. సుశీలమ్మ నీతో అన్నీ చెప్తాది కదా. పడతాందా, లేదా? నువ్వు చెప్పు."

ఇంత సూటిగా అడుగుతాడని అనుకోలేదు. జరీ 4 నా ఎదురుగా మెరుస్తోంది. ఈ మనిషి కళ్ళు పోగొట్టుకుంటూ రెండు నెలలు నేశాడు దాన్ని. నాకోసం ఎవరూ చేతిరుమాలు కూడా నేయలేదు.

"పడతాంది మామా" అన్నాను.

ఆయన అత్తను పిలిచి గుడ్డ కొస పట్టుకోమన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సగంలో కోస్తారా ఎవురైనా? ఈ ఇంట్లో ఎప్పుడన్నా కోసినామా?" అంది. మామ మగ్గానికి దండం పెట్టుకుని, బ్లేడు తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు కొయ్యి. నాకు చెయ్యి రాదు."

నేను వంగాను. పోగుల మీద బ్లేడు ఆనించాను. కిటికీ వెలుతురు గుడ్డ మీద ఏటవాలుగా పడుతోంది. 4కు జానెడు కింద, ఎర్ర నేలలో అడ్డంగా ఒక గీత కనపడింది. గట్టి గుద్దు. చీరల్లో నేను చూసినవాటికంటే మందంగా ఉంది.

"ఇది ఏ మ్యాచ్‌ది?" అన్నాను. ఆలస్యం చేయడానికే అడిగాను.

అత్త చెప్పింది. "మ్యాచ్ ఏం లేదు ఆ పొద్దు. మంగళూరు క్లబ్బోళ్ళు కూడా నిన్ను వద్దన్యారని ఫోన్ చేస్తివే, ఆ పొద్దుది. ఫోన్ పెట్టేసి ఒక్క గుద్దు గుద్దినాడు. ఇల్లు అదిరింది. విప్పి మళ్ళా నెయ్యమంటే, ఉండనీలే, వాడూ ఈ గుడ్డలో ఉండనీ అన్యాడు."

నవంబరులో నేను రెండోసారి ట్రయల్స్‌కు పోయిన సంగతి ఆ ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్లో ఆయన "సరేలే, జాగర్తగా రా" అన్నాడు, అంతే. ఆ మాత్రానికే మామ మీద అలిగాను అప్పుడు.

బ్లేడు పోగుల మీది నుంచి తీశాను.

"దసరా నుంచి పడలేదు మామా. ఎవురికీ పడలేదంట. నాకు ముందే తెలుసు. ఇందాక అబద్ధం చెప్పినా."

అత్త గుడ్డ కొస వదిలేసింది. మామ నా చేతిలోంచి బ్లేడు తీసుకుని, దాన్ని కాగితంలో చుట్టి గూట్లో పెట్టాడు. తర్వాత అన్నాడు, "గ్రూపులో రాసినదానికి గ్రూపులోనే రాయి. ఈడనే కూర్చోని రాయి."

గడప మీద కూర్చుని రాశాను. పెళ్ళికూతురు తండ్రి కూర్చున్న గడప. సుశీలమ్మ పేరు లేకుండా, జట్టుకు దసరా నుంచి జీతం లేదని, అది నాకు ముందే తెలుసని రాశాను. కృష్ణకాంత్ వెంటనే ఫోన్ చేశాడు.

"తెలిసి ఇన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్యావురా?"

"కుళ్ళు" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు. గ్రూపులో తిట్లు ఈసారి నాకు వచ్చాయి. అవీ చదివాను. ఇవి మాత్రం ఒక్కొక్కటి ఒక్కసారే.

నేను లేచి వచ్చేటప్పుడు మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది. మామ పోయిరా అనలేదు.

తర్వాతి మ్యాచ్ రోజుకు కూడా క్లబ్బు వాళ్ళు జీతాలు ఇవ్వలేదు. బ్యాచ్‌లో పదిహేడు మందే బయల్దేరారు, జెండా కాల్చడానికి కాదు, గేటు బయట ఆటగాళ్ళ పక్కన నిలబడడానికి. మిగిలినవాళ్ళు మాకు ఆట కావాలిగానీ ధర్నా కాదన్నారు. వాళ్ళదీ తప్పనలేను. హిందూపురంలో రైలు ఆగింది. ఎప్పటి బోగీనే ఎక్కాను. మామ కిటికీ పక్కన ఉన్నాడు. పక్కసీట్లో తువ్వాలు లేదు. సుశీలమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని. పెనుకొండలో ఎక్కిందట, కొడుకును చూడడానికి. ఇద్దరూ కిషోర్ మోకాలి గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆమె నన్ను చూసి జరగబోయింది. "నీకు సీటు లేదా నాయనా? ఇట్ల రా, సర్దుకుందాం."

మామ కిటికీ బయటికి చూస్తూ అన్నాడు, "కూర్చోండమ్మా. అది వాని సీటే. ఈ పొద్దు మీరు కూర్చోండి, వాడు నిలబడతాడు."

వాని సీటే, అన్నాడు. దొడ్డబళ్ళాపురం దాకా ఆ మాట పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత కాళ్ళు నొప్పి పుట్టాయి. వాళ్ళు ఇంకా కిషోర్ గురించే మాట్లాడుకుంటున్నారు.