ఇప్పపువ్వు పాఠం

ఇరవై ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. ఒకే ఒక్క వాక్యం. అనడానికి అర నిమిషం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

డెబ్బైల చివర. పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో ఒక ప్రైవేటు కాలేజీ. పేరు రాయను. అక్కడ నేను వృక్షశాస్త్రం చెప్పే టెంపరరీ లెక్చరర్‌ని. ఆరేళ్లుగా టెంపరరీ. పాఠాలతో పాటు హాజరు రిజిస్టర్లు, పరీక్ష డ్యూటీలు, తనిఖీకి వచ్చినవాళ్లకు టీలు అందించడం, అన్నీ నా నెత్తినే. ఆడమనిషిని కదా. పర్మనెంట్ ఎప్పుడు చేస్తారని అడిగితే, కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారు "నువ్వు ఇంటి మనిషివమ్మా, నీకేంది తొందర" అనేవారు. వేరే కాలేజీకి పోతానంటే సర్టిఫికెట్లు చేతికి ఇచ్చేవారు కాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇదంతా ఎందుకు చెప్తున్నాను? మీరు జాలిపడాలనా? కొంత అందుకే అనుకుంటాను.

ఆరో ఏడు పోస్టు మంజూరైంది. ఒక్కటే. చివరికి ఇద్దరం మిగిలాం. నేను, సోమయ్య. అది అతని అసలు పేరు కాదు. గోదావరి అవతల అడవి పల్లెలో పుట్టి, ఫస్టు క్లాసులో ఎమ్మెస్సీ చేసి వచ్చిన కోయ యువకుడు. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల ముందు ఒక డెమో క్లాసు చెప్పాలన్నది మా దగ్గర రివాజు. ఇంటి మనిషినని నాకు ఆ పరీక్ష లేదు. పైగా ఎంపిక కమిటీ వాళ్ల పక్కన వెనక బెంచీలో నన్నూ కూర్చోమన్నారు. పోటీలో ఉన్న మనిషిని అలా కూర్చోబెట్టడం తప్పని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. అయినా కూర్చున్నాను.

మరో సంగతి చెప్పాలి. మా నాన్న ఫారెస్టు గార్డు. నేను కోయ పిల్లలతో ఆడుకుంటూ పెరిగాను. కాలేజీ స్టాఫులో ఆ భాష తెలిసింది నాకొక్కదానికే. క్లాసులో సగం మంది హాస్టల్లో ఉండే కోయ పిల్లలే.

క్లాసుకు ముందు వరండాలో సోమయ్య చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, హాస్టల్ పిల్లలకు తెలుగుల చెప్తే సమజైతదా?"

"సగం మందికి కాదు. మధ్యల మీ మాటల చెప్పు. నాకు గూడ వస్తది."

"నిజమా అక్కా! నువ్వు ఎనక కూసుంటె ఇగ నాకు భయం లేదు."

నేనెందుకలా చెప్పాను? ఆ క్షణాన మంచికే చెప్పాననుకున్నాను. ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. మనసు అడుగున ఇంకేదైనా ఉందా, ఉంటే అది నాకు ముందే తెలుసా, తెలిసే దాన్ని మంచితనం అనుకున్నానా?

వేళ్లు నీళ్లను ఎలా పీల్చుకుంటాయన్నది పాఠం. కాసేపు తెలుగులో చెప్పాడు. హాస్టల్ పిల్లల ముఖాలు రాతిబొమ్మల్లా ఉన్నాయి. సుద్దముక్కతో బోర్డు మీద ఇప్పపువ్వు గీసి, కోయలోకి మారాడు. ఎండిన ఇప్పపువ్వును మీ అమ్మ నీళ్లలో వేస్తే ఏమవుతుంది? ఉబ్బుతుంది. నీళ్లు లోపలికి ఏ తలుపు గుండా వెళ్లాయి? పిల్లలు నవ్వారు. ఒకరి మీద ఒకరు పడి జవాబులు చెప్పారు. నా క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తని పిల్లలు.

కరస్పాండెంట్ గారు నా వైపు వంగారు. "ఏందమ్మా, ఏం చెప్తుండు? పిల్లలు గట్ల నవ్వుతున్నరేంది?"

బోర్డు మీద ఇప్పపువ్వు. ఎదురుగా నవ్వులు.

"ఇప్పసారా ఎట్ల కాస్తరో చెప్పి నవ్విస్తుండు సార్."

ఎవరూ మళ్లీ అడగలేదు. నమ్మడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు. కోయవాడు ఇప్పపువ్వు గీస్తే సారా గురించే అయి ఉంటుందని వాళ్లనుకుంటారని నాకు తెలుసు. తెలిసే అన్నాను. కమిటీలో ఉన్న ప్రిన్సిపాల్ అతని ఫైలు మూసేశారు. పాఠం అయ్యాక సోమయ్య వెనక్కి వచ్చి, నవ్వుతూ నాకు దండం పెట్టి వెళ్లాడు.

పోస్టు నాకు వచ్చింది. స్వీట్లు పంచాను.

తర్వాత అతను ఏదో సర్కారు బడిలో చేరాడని విన్నాను. వెతకలేదు. వెతికితే దొరికేవాడే.

ఆ రోజు నుంచి నేను క్లాసులో కోయ మాట మాట్లాడలేదు. ఎలా మాట్లాడను? నీకు కూడా సారా కథలు వచ్చా అని ఎవరైనా అడిగితే? ఒకసారి హాస్టల్ అమ్మాయి ఒకతె, వేళ్ల పాఠం దగ్గరే, పక్కదాన్ని కోయలో ఏదో అడిగింది. నాకు అర్థమైంది. జవాబు నోటిదాకా వచ్చింది. "మాటలు ఆపండి" అన్నాను. ఆ అమ్మాయి ఆ ఏడు నా సబ్జెక్టు తప్పి, పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది. అలాంటివాళ్లు ఇంకెందరో. ఫలితాల కాగితం మీద ఏటా సంతకం చేసింది నేనే. ఒక్క సోమయ్యకే అన్యాయం చేశానని చాలా ఏళ్లు అనుకున్నాను. అది కూడా నన్ను నేను తేలిగ్గా వదిలేయడమే.

ఆరేళ్ల కష్టానికి ఆశపడ్డానని, ఉద్యోగం కోసమే అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ పోస్టు ఎలాగూ నాకే ఇచ్చేవారు. ఇంటి మనిషినని ముందే నిర్ణయమైపోయిందని ప్రిన్సిపాల్ గారు తర్వాత నవ్వుతూ చెప్పారు. నాకూ ఆ రోజుకే లోలోపల ఆ నమ్మకం ఉండేది. మరి ఎందుకన్నాను?

మీరు క్షమించలేరు, ఆ అధికారం మీది కాదు. నేను అడగను. రాసేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. ఇంకొక్కటే మిగిలింది. సోమయ్య ఆ రోజు పాఠమే చెప్పాడు. ఒక్క తప్పు లేదు. నాకంటే బాగా చెప్పాడు. ఆ పిల్లల ముఖాలు వెలగడం చూసి నేను ఓర్వలేకపోయాను.