గులాబ్‌బీ పసుపు గుడ్డ

ప్రొద్దుటూరు బంగారం తళుకు చూసి మురిసిపోయేవాళ్లే గానీ, దాని పొగ ఎవరు పీలుస్తారని అడిగినవాళ్లను నేను చూడలేదు. మా పక్కింటి దస్తగిరి పీల్చేవాడు. పాత నగల బంగారాన్ని యాసిడ్‌లో ఉడికించి, అందులోని రాగినీ వెండినీ విడదీయడం ఆయన పని. అప్పుడు లేచే ఎర్రటి పొగ మహా చెడ్డది.

అందుకే దాన్ని గొట్టం గుండా కాస్టిక్ సోడా కలిపిన నీళ్ల డ్రమ్ములోకి పంపేవాళ్లు. పొగలోని ఆమ్లమూ నీళ్లలోని క్షారమూ కలిసి ఉప్పవుతాయి. ఆ ఉప్పు అంచులకూ అడుగునా తెల్లగా పేరుకుంటుంది. క్షారం అయిపోయిందంటే ఇక ఆ నీళ్లు పొగను పట్టవు.

డ్రమ్ము చూసుకునేది ఆయన భార్య గులాబ్‌బీ. పసుపు మరకల చీరకు సబ్బు పెడితే ఎర్రబడటం చూసి ఒక ఉపాయం కనిపెట్టింది. రోజూ పొద్దున్నే పసుపు పూసిన గుడ్డపీలికను డ్రమ్ములో ముంచేది. పారాణిలా ఎర్రబడితే సోడా ఉన్నట్టు. లేకుంటే నీళ్లు పారబోసి కొత్తగా కలిపేది. అప్పటిదాకా మొగుణ్ణి పొయ్యి ముట్టించనిచ్చేది కాదు.

"పెండ్లామా, పోలీసా?" అని నేను ఆటపట్టిస్తే దస్తగిరి నవ్వేవాడు.

"నా పానం ఆయమ్మ సేతిలోనే ఉండాది మామా."

మొన్న వేసవిలో పులివెందులలో గులాబ్‌బీ చెల్లెలి కూతురి పెండ్లి. ఆమె ముందుగా పోయింది. నగల అంగడివాళ్ల బంగారం పని ముగించి ఇచ్చేసి మరుసటి రోజు వస్తానన్నాడు ఆయన. ఆ మరుసటి పొద్దున ఆమెకు ఫోన్ చేశాడు. అక్కడ పెండ్లికూతురికి పసుపు పూస్తున్నారు. గులాబ్‌బీ రెండు చేతులకూ పసుపే. చెల్లెలే ఫోను ఆమె చెవి దగ్గర పట్టింది.

"డ్రమ్ము అడుగున తెల్లగా శానా ఉండాది. సోడా ఉన్నెట్టే కదా? పని మొదులుపెడ్తాండా."

పాటల గోలలో సగమే వినబడింది.

"ఉంటే పెట్టుకో. బిన్నా రా," అని తొందరపెట్టింది.

అడుగున ఉన్నది ఉప్పు. పొగ బుడబుడమంటూ నీళ్లు దాటి, ఎర్రగానే గది నిండా కమ్మింది. బయటికి పరుగెత్తి ఉంటే బతికేవాడు. పొయ్యి మీద పరాయి బంగారం ఉంది కదా! కిటికీ తెరిచి, నోటికి తువ్వాలు కట్టుకుని పని ముగించాడు, మొండి మనిషి. మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని టీ కూడా తాగాడు. దగ్గుతున్నావేందిరా అంటే, "రోంత పొగ తగిలిందిలే మామా" అన్నాడు. సాయంత్రానికి ఊపిరాడలేదు. కడప ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఆ అంగడి ముందు నుంచి నడిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గులాబ్‌బీ చేతుల పసుపు కూడా కడుక్కోకుండా వచ్చింది. మట్టి చేసి మేము తిరిగొచ్చేసరికి డ్రమ్ము దగ్గర ఉంది. కొంగు అంచును అరచేతికి రుద్ది, నీళ్లలో ముంచి నా ముందు పట్టింది. పసుపు పసుపుగానే ఉంది.

"గుడ్డ ముంచినావా అని నేను ఒక్క మాట అడిగింటే సాలు గదన్నా," అంది. "పసుపు నా సేతుల్లోనే ఉన్న్యాదే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. ఇంకాసేపు ఉంటే ఎర్రబడుతుందేమో అన్నట్టు ఆ తడి కొంగునే చూస్తూ నిలబడింది.