అందుకునే గొంతు కోసం

ఈ వేకువ హోసూరులో మా అద్దె ఇంటి వెనక కోయిల కూసింది. పుష్యమాసం ఇంకా దాటలేదు. గొంతు పూర్తిగా విచ్చుకోని కూత. సగంలో తెగి, మళ్ళీ మొదలై, ఆగిపోయింది. పక్కలో నా కూతురు పిల్లికూతలతో ఊపిరి లాగుతోంది. చలి పోతే పాపకు తేలికవుతుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున చెవులు బయటే పెట్టుకుని ఉంటున్నాను. కూత వినగానే సంతోషం కలగాలి. కలగలేదు. నంజమ్మత్త గుర్తుకొచ్చింది.

నంజమ్మత్త డెంకణికోట దగ్గర మా ఊళ్ళో ఎదురింటి మనిషి. చుట్టరికం లేదు, వరస కలిపి అత్తా అనేదాన్ని. ధనుర్మాసమంతా వేకువనే తాళాలు పట్టుకుని వీధులు తిరిగే మా భజన గుంపులో ముందు గొంతు ఆమెదే. ఆమె ఒక వరస పాడితే మేము "గోవిందా" అని అందుకునేవాళ్ళం. నామం ఎలా ఎత్తుకోవాలో, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో ఆమె పక్కన నడుస్తూనే నేర్చుకున్నాను. నేను ఫ్యాక్టరీ పనిలో చేరిన ఏడు ఆమె భర్త మునియప్ప మామ ఉబ్బసంతో మంచం పట్టాడు. అడవి అంచున గొర్రెలు మేపి బతికిన మనిషికి గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరాడేది కాదు. చలి దాటితే గండం దాటినట్టేనన్నారు అందరూ. మంచుగాలి రాకుండా ఆమె కిటికీకి గోనెపట్టా బిగించి కట్టింది.

ధనుర్మాసం ముగిసింది, భజన ఆగింది. మర్నాడు వేకువ ఫ్యాక్టరీ బస్సు కోసం వీధి మొదట్లో నిలబడి ఉంటే తాళాల చప్పుడు వినిపించింది. నంజమ్మత్త ఒక్కతే మేలుకొలుపు పాడుతూ వస్తోంది. అరుగు మీద బీడీ కాలుస్తున్న పెద్దాయన ఊరుకోలేదు.

"ఏమ్మా నంజమ్మా, నెల అయిపోయె కదా! ఇంకా ఎవుర్ని లేపుతా ఉండావు?"

"కోయిల్నప్పా. నిన్ను లేపేది ఆ దేవుడి చేత కూడా కాదు."

పెద్దాయనా నేనూ నవ్వాం. ఆమె మాత్రం చింతచెట్ల వైపే చూస్తూ నిలబడింది. కోయిల గొంతు విప్పితే చలి సడలుతుందని ఆమె నమ్మకం.

కొన్నాళ్ళకే కోయిల కూసింది. ఎప్పటికన్నా ముందుగా. "చలి పోయినాది పో!" అన్నారు వీధిలో. మామ గసపెడుతూ, "విన్నావా మే? ఆ గోనెపట్టా తీసెయ్. రవంత ఎండ చూస్తాను" అన్నాడు. ఆమె పట్టా ముడి మీద చెయ్యి వేసింది, విప్పలేదు.

"ఇంకొకటి కూయనీ" అంది.

"కూసింది కదత్తా" అన్నాను.

"ఒకటే కూసినాది పాపా. జవాబు యాడ? అందుకునేవాళ్ళు లేకపోతే అది భజనెట్లయితుంది?"

"కోయిలకీ భజన నేర్పుతాది ఈయమ్మ" అని నవ్వబోయి మామ దగ్గులో పడ్డాడు.

మర్నాడు చలి రెట్టించి దిగింది. కోసిన రాగిచేలు మంచుతో తెల్లబడ్డాయి. కోయిల మూగపోయింది. మామ పెదవులు నీలం తిరగడం చూసి నాకు కోపం వచ్చింది. స్వామి పంపిన గుర్తే అబద్ధమైతే ఇంక దేన్ని నమ్మాలని అడిగాను. ఆమె మామ వీపు రాయడం ఆపలేదు. "అబద్ధం కాదు పాపా. పాపం, దానికీ తొందర. మన మాదిరే" అంది.

ఆ తరవాతి వేకువ కూడా ఆమె తాళాలతో బయటికొచ్చింది. రెండో వరస దగ్గర గొంతు పూడుకుపోయింది. మలుపులో నా బస్సు లైట్లు కనిపిస్తున్నాయి. నేను వీధి నడుమకు నడిచి "గోవిందా" అని అందుకున్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. తాళాలకు మాత్రం బలం వచ్చింది.

"బస్సు పోతా ఉండాది చూడు" అంది పాట నడుమ.

"పోనీ అత్తా."

చాలా రోజుల తరవాత ఒక ఉదయం చింతచెట్టు మీద కోయిల కూస్తే, చెరువు అవతలి నుంచి మరొకటి బదులిచ్చింది. అప్పుడు విప్పింది ఆమె గోనెపట్టా. మామ ఆ వేసవి ఎండ చూశాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆమె పిలిచినందుకే చలి తగ్గిందని అనను. పిలిచిన వెంటనే స్వామి రాకపోవచ్చు కానీ వినకుండా ఉండడని పురాణ కాలక్షేపాల్లో విన్నాను. అది నమ్ముతాను. నమ్ముతూనే భయపడతాను. రెండూ ఒకే గొంతులో ఉండగలవని నంజమ్మత్త దగ్గరే చూశాను.

ఈ వేకువ కోయిలకు జవాబు రాలేదు. హైవే మీద లారీల మోత తప్ప ఏమీ లేదు.

"అమ్మా, కోయిల! కిటికీ తెరువు" అంది పాప.

"ఇంకొకటి కూయనీ" అన్నాను. ఆ మాట ఎవరిదో పాపకు తెలియదు. దాని వీపు రాస్తూ సన్నగా మేలుకొలుపు ఎత్తుకున్నాను. వరస చివర ఆగాను. రెండు ఊపిరుల మధ్య, విరిగిన గొంతుతో పాప "గోవిందా" అని అందుకుంది.

కిటికీ సందులో కుక్కిన దుప్పటిని మాత్రం నేనింకా తీయలేదు.