సాంబయ్య తుపాకి మీద దుర్బిణీ

రెండు వేల ఇరవై నాలుగు, దసరా వెళ్ళిన మరుసటి వారం. మాచర్ల బజారులో మాది నట్లు, బోల్టుల కొట్టు. మా ఆయన పోయినప్పటి నుంచి నేనే కూర్చుంటున్నాను. చదివింది మూడో తరగతి. అయినా మర చూసి ఏ బోల్టుకు ఏ నట్టు పడుతుందో చెప్పగలను. చిన్న చిన్న బిగింపులు కూడా చేసిపెడతాను. మందు కొట్టే డబ్బా, పంపుసెట్టు, కుట్టుమిషను, ఏదైనా సరే. తుపాకి మాత్రం అంతకు ముందెన్నడూ నా బల్ల మీదికి రాలేదు.

తెచ్చినవాడు సాంబయ్య. దగ్గరి ఊళ్ళో మొక్కజొన్న, పత్తి వేస్తాడు. ట్రాక్టరు తిరగబడి కాలు విరిగాక కర్ర లేకుండా నడవలేడు. కంకులు పాలు పోసుకునే వేళకి కోతుల మంద దిగింది. వాటి వెంట పరిగెత్తలేక ఒక ఉపాయం చేశాడు. చేను చుట్టూ కర్రలు పాతి నూనె డబ్బాలు కట్టాడు. మంచం మీద కూర్చుని ఎయిర్ గన్‌తో, అంటే స్ప్రింగు బలంతో సీసం గుండు వదిలే గాలి తుపాకితో, డబ్బాని కొడతాడు. అది ఖంగుమంటే కోతులు పారిపోతాయి. దూరం డబ్బాలు సరిగా కనబడటానికి తుపాకి మీద స్కోప్, అంటే దుర్బిణీ, పెట్టించుకున్నాడు.

"ఇది జారిపోతంది పిన్నీ. నాలుగు గుళ్ళు కొడితే చాలు, వెనక్కొచ్చి కంట్లో పొడిచేట్టుంది. గురి ఒక చోట పెడితే గుండు ఇంకో చోటికి పోద్ది."

"పోతే పోయింది. కోతి మీద పళ్ళెం విసురు."

"నవ్వులాట కాదు పిన్నీ. మొన్న పక్కనే పత్తి తీస్తా ఉన్న కోటమ్మ అన్నం క్యారేజీకి తగిలింది. ఆమె కూలీల మేస్త్రీ. తుపాకి సంగతి తేలిందాకా మనుషుల్ని తీసుకురానంది. పత్తి పగిలి ఉంది. వానొస్తే పోయినట్టే."

సంగతి నాకర్థమైంది. తుపాకి ఆపితే కంకులు కోతుల పాలు. ఆపకపోతే పత్తి వాన పాలు.

దుర్బిణీ గొట్టాన్ని రెండు రింగులు పట్టుకుంటాయి. వాటి మీద చిన్న మరలుంటాయి. ఆరు పలకల అలెన్ కీతో తిప్పాలి. తిప్పి చూస్తే అప్పటికే బిగువుగా ఉన్నాయి. ఉన్నా ఇంకాస్త బిగించి పంపాను. మర్నాడే మళ్ళీ వచ్చాడు. ఈసారి పాత సైకిలు ట్యూబు కోసి, గొట్టానికీ రింగులకూ మధ్య పెట్టి బిగించాను. ఉన్నదానితో సరిపెట్టడం నా పద్ధతి. రెండు రోజులకి మళ్ళీ అదే మొహం, అదే తుపాకి.

"ఇంకా గట్టిగా తిప్పు పిన్నీ."

"గొట్టం సొట్టపడుద్ది. లోపలుండేది అద్దం రా, నీ కాలు కాదు రాడ్డు ఎయ్యటానికి."

కోపంగా అన్నానే గానీ నాకు బొత్తిగా అంతుపట్టలేదు. బిగువుగా ఉన్నది ఎట్లా జారుతుంది? ఇంకో చిక్కు. కాల్చినప్పుడు తుపాకి వెనక్కి, భుజం మీదికి తన్నుతుంది. బస్సు కదలగానే నిలబడ్డవాళ్ళం వెనక్కి తూలుతాం కదా, ఆ లెక్కన వెనక్కి తన్నే తుపాకి మీది వస్తువు ముందుకు జారాలి. ఇదేమో వెనక్కే వస్తోంది.

"లోపల స్ప్రింగు ముందుకెళ్ళి గుద్దుకుంటది పిన్నీ. వెనక్కి తన్నాక తుపాకి మళ్ళీ ముందుకి దూకుద్ది" అన్నాడు సాంబయ్య.

"ఒక్క గుండుకి రెండు తన్నులా?"

"అంతే."

రెండు తన్నులూ కలిసి ఎటు నెడతాయో ఆ రాత్రి పడుకుని ఎంత ఆలోచించినా తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఒక్కటి మాత్రం తట్టింది. ఏది జారుతోందో నేను కళ్ళారా చూడనేలేదు.

మర్నాడు కొట్టుకి తాళం వేసి సాంబయ్య చేనికి ఆటో ఎక్కాను. మామూలుగా పెళ్ళికి కూడా కొట్టు మూయను. చేలో అగ్గిపుల్లతో తెల్ల రంగు చుక్కలు పెట్టాను. గొట్టం మీదొకటి, దాన్ని ఆనుకుని రింగు మీదొకటి. రింగుల కింద తుపాకిని కరుచుకునే దిమ్మ ఉంటుంది, దాన్ని మౌంట్ అంటారు. దాని మీదొకటి, తుపాకి మీదొకటి. ఇసక బస్తాకి గురిపెట్టి కాల్చమన్నాను. కాసేపటికి చూస్తే పై చుక్కలు అక్కడే ఉన్నాయి. కింది చుక్కలు విడిపోయాయి. ఇన్నాళ్ళూ నేను పైన తంటాలు పడుతుంటే, జారేది కింద!

మౌంట్ ఊడదీశాను. తుపాకి వీపున అది కూర్చునే గాడి నిండా పచ్చటి జిగురు. వాసన చూశాను. ఆముదం, పసుపు.

సాంబయ్య భార్య నాగేంద్రం మజ్జిగ తెచ్చింది. "ఏమే, ఇదేంది?" అన్నాను.

"ఆయుధపూజకి పెట్టాను అత్తా. ట్రాక్టరుకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్టా? దుర్బిణీ ఊడదీపించి మరీ శుభ్రంగా రాశా."

"చానా శుభ్రంగా రాశావు. అరటిపండు తొక్క మీద నిలబడమన్నట్టుంది."

"దేవుడికి చేసింది కూడా తప్పేనా?" అంది చిన్నబుచ్చుకుని.

ఏ ఇనుప వస్తువుకైనా నూనె రాయమని మా కొట్టుకొచ్చిన అందరికీ చెప్పేదాన్ని నేనే. రాయాల్సిన చోటూ రాయకూడని చోటూ ఉంటాయని అప్పుడు తోచింది.

రంగుల్లో కలిపే థిన్నర్‌లో గుడ్డ ముంచి గాడినీ మౌంట్ దవడలనూ పొడిగా అయ్యేదాకా తుడిచాను. అప్పుడు గాడి చివర చిన్న గుంట బయటపడింది. మౌంట్ కింద ఒక బుల్లి మర పైకి తిప్పేసి ఉంది.

"అది ఎక్కువైన మర పిన్నీ. అడ్డమొస్తుంటే పైకి తిప్పేశా" అన్నాడు సాంబయ్య.

"చేసినోడు పిచ్చోడా ఎక్కువ మర పెట్టటానికి?" దాన్ని కిందికి తిప్పితే సరిగ్గా ఆ గుంటలో దిగింది. దీన్ని స్టాప్ పిన్ అంటారట. తలుపుకి గడియ లాంటిది. తర్వాత ఒక మర పూర్తిగా, ఇంకో మర తర్వాత అని కాకుండా, అటొక చుట్టు ఇటొక చుట్టు తిప్పుతూ మౌంట్‌ను సమంగా బిగించాను. పైన సైకిలు ట్యూబు తీసేసి రింగులు కూడా అట్లాగే బిగించాను.

కోటమ్మకి కబురు పెడితే వచ్చి గట్టు మీద నిలబడింది. సాంబయ్య బస్తా మీద గురి సరిచూసుకుని డబ్బాల మీదికి తిప్పాడు. కొట్టినవన్నీ ఖంగుమన్నాయి. చుక్కలు కదల్లేదు.

"చూశావా కోటమ్మా, ఇంక జారదు. నాది పూచీ" అన్నాను.

ఆమె తుపాకి వంక చూడలేదు. సాంబయ్య వంక చూసింది. "దుర్బిణీ కదలదమ్మా, ఒప్పుకున్నా. ఆయన చెయ్యి కదలదని కూడా నువ్వే పూచీ ఉంటావా? మేం వంగి పత్తి తీసేటప్పుడు మా వీపు దుర్బిణీలో కనబడదు."

బోల్టుకి పూచీ ఉండగలను గానీ చేతికి ఎట్లా ఉంటాను? సాంబయ్య తల వంచుకుని గుండు తీసేసి తుపాకి మంచం కింద పెట్టాడు.

"మీరు చేలో ఉన్నంతసేపూ దీన్ని ముట్టుకోను కోటమ్మా."

"మరి కోతులు?"

"మీ వాళ్ళే డబ్బాల మీద రాళ్ళెయ్యండి. మీరెళ్ళాక నేను చూసుకుంటా."

"అదేదో ముందే అంటే ఈమె కొట్టు మూసుకుని వచ్చేది కాదుగా" అంది కోటమ్మ నా వైపు తిరిగి. మర్నాడు పొద్దున్నే మనుషుల్ని తీసుకుని దిగింది. వాన రాకముందే పత్తి ఇంటికి చేరింది.

నేను రెండుసార్లు గట్టిగా బిగించాను, రెండుసార్లూ జారని చోటే. ఇప్పుడు ఎవరేం తెచ్చినా కీ చేతిలోకి తీసుకోకముందు ఏది కదులుతోందో చూపించమంటాను. ఆ తర్వాత ఇంకో మాట కూడా అడుగుతాను. "ఇది తిరిగేటప్పుడు దీని ముందు ఎవరుంటారు?" కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.