సగం ట్యాంకు చూపెట్టే ఎర్ర బండి

పోయిన ఆదివారం ఏం జరిగిందో వినండి. పదేండ్ల నుంచి పాత కార్లు అమ్ముతున్న నేను నడిరోడ్డు మీద నిలబడి, నా బండికి ఎన్ని రోగాలున్నయో కొనేటాయనకు నా నోటితోనే చెప్పిన. ఒక్కొక్కటి. ఆయన అడగనియి గూడ. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గయితది. నవ్వు గూడ వస్తది.

మాది సిద్దిపేటల చిన్న యార్డు. పదకొండు బండ్లుంటయి. మా ఆయన దుబాయ్‌ల డ్రైవర్‌గ చేసి వచ్చి పెట్టిండు. బండ్లు కొనుక్కొచ్చేది ఆయన, అమ్మేది నేను. ఆయనకు మొహమాటం ఎక్కువ. నాకు లేదు. నేను ఎక్కువ మాట్లాడ. నాలుగు మాటలు చెప్త, తాళంచెవి చేతుల పెడ్త. సగం బేరం అక్కడనే అయితది.

గని ఈ దందాల ఓపిక కావాలె. వచ్చినోళ్లు బానెట్ ఎత్తుమంటరు. ఎత్తుతం. లోపలికి తొంగి చూసి "ఊఁ" అంటరు. ఏం చూసిన్రో వాళ్లకే తెల్వది. తర్వాత టైరును తంతరు. టైరు ఏం పాపం చేసిందో! బండి ఒక్కరికి, సలహా చెప్పెటోళ్లు ఆరుగురు. అందరికీ చాయ్ మనదే.

టెస్ట్ డ్రైవ్ సంగతి ఇంక అడగొద్దు. ఒకాయన పొద్దుగాల పదింటికి తీస్కపోయిండు. పదకొండు అయింది, పన్నెండు అయింది. ఫోన్ ఎత్తడు. మూడింటికి మెల్లగ వచ్చిండు. అక్కన్నపేటల అత్తగారింట్ల బువ్వ తిని, బామ్మర్దిని బస్టాండుల దించి వచ్చిండట! "ఏందన్నా ఇది?" అంటే, "పికప్ జర తక్కువుంది మేడం" అనుకుంట తాళంచెవి బల్ల మీద పెట్టి పోయిండు.

అప్పటిసంది యార్డుల ఒక రూల్ పెట్టిన. ఏ బండిల గూడ లీటరు కంటే ఎక్కువ పెట్రోల్ ఉండొద్దు. బండి రాంగనే పైపు పెట్టి తీసేస్తం. బైపాస్ దాక పోవాలె, మళ్ల రావాలె. అంతకు మించి పోతే బండే ఆగుతది. కొన్నోళ్లు ఇక్కడినుంచి సీదా పెట్రోల్ బంకుకు పోతరు. చానా తెలివైన రూల్ అనుకున్న. మా ఆయన గూడ మెచ్చుకునేదాక ఊకోలే.

ఇగ ఆదివారం సంగతి.

నా బిడ్డ శ్రావణికి ఆరోజు సర్కారు నౌకరి పరీక్ష. రెండేండ్లు చదివింది. పొద్దుగాల లైబ్రరీకి పోతే మళ్ల పొద్దుగూకినంకనే ఇంటికి. పోయినసారి రెండు మార్కులల్ల పోయింది. నెలరోజులు సరిగ్గ తినలే. ఈసారి సెంటర్ హైదరాబాద్ రోడ్డు దిక్కు ఒక కాలేజీల పడ్డది. ఇంటికి పదిహేను కిలోమీటర్లు. తొమ్మిదిన్నరకు గేటు మూస్తరు. ఒక్క నిమిషం లేటయినా లోపలికి రానియ్యరు. గేటు బయట ఏడ్చే పిల్లలను ఏటేటా టీవీల చూస్తనే ఉంటం గదా.

"ఆటోల పోదాం అమ్మా, ముందుగాలనే చెప్పి పెడ్దాం" అన్నది శ్రావణి.

"పదకొండు బండ్లు పెట్టుకోని ఆటోలనా? నలుగురు చూస్తే ఏమంటరు?"

"ఏమనరమ్మా. ఎవ్వరు చూడరు."

"నువ్వు చదువుకో. బండి సంగతి నాకిడిసిపెట్టు."

ఎంత ధైర్యంగ అన్ననో!

మా ఆయన పొద్దున్నే బండి చూసొస్త అని కరీంనగర్ పోయిండు. మేం ఎనిమిది ముప్పావుకు యార్డుకు పోయినం. బండ్లన్నీ ఒకదాని ముక్కుకు ఒకటి ఆనుకోని ఉన్నయి. ముందల వరుసల అడ్డం లేకుండ ఉన్నది ఎర్ర బండి ఒక్కటే. చిన్న కారు. తాళంచెవి తిప్పిన. ఒక్కసారికే స్టార్ట్! పెట్రోల్ ముల్లు చూసిన. సరిగ్గ సగం ట్యాంకు.

మా ఆయన బిడ్డ పరీక్ష అని పోయించి పెట్టిండు అనుకున్న. మనసుల మురిసిన గూడ. చెప్పకుండ చేసే మనిషి అని.

కిటికీలు దింపుకోని పోతున్నం. శ్రావణి హాల్‌టికెట్ మూడుసార్లు చూసుకున్నది. నేను నాలుగో గేరేసిన. ఊరు దాటినం. చేండ్లు వచ్చినయి. బండి ఒకసారి దగ్గినట్టయింది. ఇంకోసారి దగ్గింది. పక్కకు తీసేదాక ఆగి, ఆగిపోయింది.

తొమ్మిది దాటి మూడు నిమిషాలు. ఇంకా ఆరు కిలోమీటర్లు.

తాళంచెవి తిప్పిన. తిప్పిన. తిప్పిన. ముల్లు మాత్రం సగం మీదనే ఉంది. జరంత గూడ కదలలే. మా ఆయనకు ఫోన్ కొట్టిన.

"ఎర్ర బండి ఆగిపోయింది."

"ఎర్ర బండా? అదెందుకు తీసినవ్? దాంట్ల పెట్రోల్ యాడిది?"

"సగం ట్యాంకు చూపెడ్తుంది గదా!"

"అది ఎప్పుడూ సగమే చూపెడ్తది! ముల్లు పట్టుకుంది. బాగు చేయిస్త అంటే నువ్వే గదా వద్దన్నవ్!"

యాదికొచ్చింది. నేనే వద్దన్న. తాళంచెవి తిప్పంగనే సగం ట్యాంకు కనవడితే కొనేటోని మొకం వెలుగుతది. "ఉండనియ్యి, అందం" అన్న. డెలివరీ రోజు ఎట్లయినా చెప్తం గదా అనుకున్న.

ఫోన్ పెట్టేసిన. శ్రావణి నన్ను చూసింది. డోరు తీసుకోని దిగింది.

రోడ్డు మీదికి ఉరికిన. ఒక ఆటో వచ్చింది. లోపట ఎనిమిది మంది, పక్కకు ఇద్దరు యాలాడుతున్రు. ఆగలే. బస్సుకు చెయ్యెత్తిన. డ్రైవర్ చెయ్యి ఊపి పోయిండు. రెండు కార్లు పోయినయి. పదకొండు బండ్ల ఓనరమ్మను! ఒక్క బండి ఆగలే.

తొమ్మిది దాటి ఎనిమిది నిమిషాలు.

అప్పుడు ఒక స్కూటీ మమ్ముల దాటి పోయి, మళ్ల తిరిగి వచ్చి ఆగింది. ఆలుమొగలు. ఆయనకు నలభై ఏండ్లుంటయి. నారాయణరావుపేటోళ్లు అని తర్వాత తెలిసింది. ఆయన పేరు నర్సింలు, ఆమె పేరు సుజాత. దేవుడే పంపిండు అనుకున్న. నర్సింలు దిగిండు, మా దిక్కు చూడలే. సీదా బండి వెనుకకు పోయిండు. వెనుక అద్దం మీద పెద్దక్షరాలతోని 'అమ్మబడును' అని ఉంటది గదా, అది సదివిండు.

"అక్కా, ఈ బండి అమ్మేదేనా?"

చూడండి మరి. బిడ్డ పరీక్ష పోతుంది. అయినా నా నోరు ఏమన్నది?

"అమ్మేదే తమ్మీ. సింగిల్ హ్యాండ్. టీచర్ వాడిన బండి."

"అమ్మా!" అని శ్రావణి ఒక్క కేక పెట్టింది.

నర్సింలు అప్పటికే టైరును తన్నిండు. "మరి గీడ ఎందుకు ఆపిన్రు?"

"గాలికి."

ఎందుకట్ల అన్ననో నాకిప్పటికీ తెల్వది. ఆగిపోయింది అంటే బేరం పోతది అని లోపట ఏదో ఉంటది కావచ్చు. పదేండ్ల అలవాటు.

సుజాత స్కూటీ మీదనే కూసోని శ్రావణిని చూస్తుంది. చేతుల హాల్‌టికెట్, కండ్లల్ల నీళ్లు. "పరీక్షనా చెల్లె?"

"తొమ్మిదిన్నరకు గేటు మూస్తరక్కా. బండి ఆగిపోయింది."

నర్సింలు నా దిక్కు తిరిగిండు. "గాలికి ఆపినం అన్నవ్?"

"పెట్రోల్ అయిపోయింది తమ్మీ. జర నా బిడ్డను..."

ఆయన కిటికీల నుంచి చెయ్యి పెట్టి తాళంచెవి తిప్పిండు. ముల్లు చూసిండు. "సగం ట్యాంకు ఉంది గదక్కా! పెట్రోల్ ఉండంగ ఆగిందంటే ఇంజన్లనే ఏదో ఉన్నట్టు."

"ఇంజన్ మంచిగుంది! ముల్లే ఖరాబయింది."

"అంటే కొన్నోనికి గూడ సగం ట్యాంకు ఉందనే చెప్తుండెనా?"



"స్కూటీ ఇటియ్యి, నేను పిల్లను దించొస్త" అన్నది సుజాత. స్కూటీ తాళంచెవి ఆయన వేలికి ఉంది.

"ఆగవే. ఇంకేమేమి దాచిందో చెప్పనియ్యి ముందుగాల. మనం మూడు యార్డులు తిరిగినం, మూడింట్ల టీచర్ వాడిన బండే!"

నవ్వుకుంటనే అన్నడు పాపం. గని నాకు ఆ వేలికున్న తాళంచెవి తప్ప ఏం కనవడలే. ఇగ నోరు తెరిచిన.

"సింగిల్ హ్యాండ్ కాదు తమ్మీ, నువ్వు కొంటే మూడోనివి. టీచర్ వాడలే, టీచర్ తమ్ముడు వాడిండు. ఎడమ దిక్కు రెండు డోర్లకు మళ్ల పెయింట్ పడ్డది. ఏసీ ఒకటి మీద పెడితే ఉత్త చప్పుడే, రెండు మీద పెడితేనే సల్లగైతది..."

ఏసీ దగ్గరికి వచ్చేసరికే సుజాత దిగి వచ్చి ఆయన వేలి నుంచి తాళంచెవి గుంజుకున్నది. "నువ్వు బేరం చేసుకో. పిల్ల బతుకు ఇది!" శ్రావణిని ఎక్కించుకున్నది. ఆ స్కూటీ అంత ఉరుకుతదని దాని ఓనర్‌కు గూడ తెల్వకపోవచ్చు.

పోయిన్రు. నేను ఇంకా చెప్తనే ఉన్న.

"...వెనుక అద్దం సగం దిగినంక చేత్తోని నూకాలె. స్టెప్నీ ఈ బండిది కాదు, వేరే బండిది. స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడు హారన్ మోగది..."

"అక్కా" అన్నడు నర్సింలు. "అయిపోయింది. స్కూటీ పోయింది. నీళ్లు తాగు."

బాటిల్ ఇచ్చిండు. తాగిన. సగం చీర మీదనే పడ్డయి.

అంత ఆగంల గూడ ఒక్కటి మాత్రం చెప్పలే. క్లచ్. అది ఇంకా రెండు మూడు నెలలే వస్తది. అన్నీ చెప్పిన, అదొక్కటి లోపటనే పెట్టుకున్న. అమ్మే మనిషిని, జరంతన్న మిగలాలె గదా!

తొమ్మిది పదిహేను. ఇరువై. ఇరువై అయిదు. నర్సింలు బండి చుట్టూ తిరుగుతుండు. బానెట్ ఎత్తిండు, "ఊఁ" అన్నడు. నేను రోడ్డునే చూస్తున్న. తొమ్మిదిన్నర అయింది. ఫోన్ కొడ్దామంటే సుజాత నంబర్ లేదు. శ్రావణి ఫోన్ నా దగ్గరనే ఉంది, లోపలికి రానియ్యరని ఇచ్చింది. ఇగ నర్సింలు ఫోన్ తీసి పెండ్లానికి కొట్టిండు. ఎత్తలే. మళ్ల కొట్టిండు. ఎత్తలే.

"బండి నడుపుతుండొచ్చు అక్కా" అన్నడు. ఆయన గూడ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డడు.

తొమ్మిది నలభైకి స్కూటీ కనవడ్డది. వెనుక సీటు ఖాళీ. ఖాళీ అంటే లోపలికి పోయినట్టే గదా? నాకు అర్థమయ్యేసరికి ఆమె వచ్చి ఆపింది.

"పోయిందక్కా. గేటు సగం మూసిన్రు. నేను ఆ కానిస్టేబుల్‌ను మాటలల్ల పెట్టిన, పిల్ల సందుల నుంచి జారింది. ఇంకా రెండు నిమిషాలు ఉండె."

బంపర్ మీద కూలబడ్డ. ఏడ్వలే. కొంగుతోని మొకం తుడుచుకున్న, అంతే. నర్సింలు అటు తిరిగి చేండ్లు చూస్తుండు. సుజాత పక్కకు వచ్చి కూసున్నది. వచ్చే తొవ్వల బంకుల బాటిల్ నింపుకోని గూడ వచ్చింది. నా జన్మల అంత మంచి పెట్రోల్ చూడలే.

కాసేపయినంక సుజాత లేచి బండిని తేరిపార చూసింది. చేతితోని బానెట్ తడిమింది. నాకు లోపట సంబురమయింది. ఆమెకు నచ్చింది! ఈ బేరం అయితది అనుకున్న.

"అక్కా" అన్నది మెల్లగ. "క్లచ్ ఎప్పుడు మారుస్తరు?"

"క్లచ్ సంగతి ఎవరన్నరు నీకు?"

"నీ బిడ్డనే. పిల్ల గజగజ వణుకుతుంటే, భయం పోవాలె అని మాటలల్ల పెట్టిన. బండి గురించి అడిగిన. వానకాలం డిక్కీల నీళ్లు దిగుతయట గదా? డ్రైవర్ సీటు కవర్ కింద కాలిన మచ్చ ఉన్నదట?"

నర్సింలు గిరుక్కున ఇటు తిరిగిండు. "ఇవేవీ చెప్పలేదేందక్కా!"

మా ఇంట్ల అన్నం కాడ బండ్ల ముచ్చట తప్ప వేరే ముచ్చట ఉండది. పిల్ల అన్నీ విన్నది. అన్నీ గుర్తు పెట్టుకున్నది.

బండి వాళ్లే కొన్నరు. కొత్త క్లచ్ నా ఖర్చుతోని ఏయించి, డిక్కీ రబ్బరు మార్చి, ముల్లు గూడ బాగు చేయించి ఇచ్చిన. ఇప్పుడు ఎంతుంటే అంతే చూపెడ్తది. చూడనీకి ఏం అందంగ లేదు.

పరీక్ష రిజల్ట్ ఇంకా రాలే. లోపట ఎన్నిటికి సరిగ్గ జవాబు రాసిందో తెల్వది. స్కూటీ మీద మాత్రం అడిగిన ప్రశ్నలన్నిటికీ కరెక్టు జవాబే చెప్పింది నా బిడ్డ. ఒక్కటి గూడ తప్పు పోలే.